అణకువయు గాదు, మొండితనమును గాదు

ఆడపిల్ల మాటలు తగ్గించి గది మూలన కూర్చుండినచో ‘ఈడు వచ్చినది, అణకువ నేర్చినది’ అని మురిసిపోవుదుము. మగపిల్లవాడు పుస్తకములు చింపి, బడి యెగవేసి, తమ్ముని గొట్టినచో ‘వీడు దారి తప్పినాడు’ అని బెత్తము తీయుదుము. ఈ రెండును ఒకే గాయమునకు రెండు రూపములు కావచ్చునని మన పెద్దలకు తోచదేల?

హింసకు గురియైన బాలికలలో దిగులు, భయము, తన్ను తానే నిందించుకొనుట హెచ్చుగాను, బాలురలో కోపము, కలహము, మత్తుపదార్థముల వాడుక హెచ్చుగాను కానవచ్చునని మనోవైద్యుల పరిశీలన. అయినను ఇది సగటు మాటయే. లోలోన కుములు బాలురును, తిరుగబడు బాలికలును కలరు. వారికి మన లెక్కలో చోటే లేదు. కేంద్ర స్త్రీ శిశు వికాస మంత్రిత్వశాఖ 2007లో ప్రకటించిన నివేదికకై 13 రాష్ట్రములలో 12,447 మంది పిల్లలను విచారించిరి. లైంగిక హింసకు లోనైతిమని చెప్పినవారిలో 52.94 శాతము బాలురే! ‘మగపిల్లవాడు, వానికేమి భయము’ అనువారు ఈ అంకెను మరియొకసారి చదువుకొందురు గాక.

ఈడునుబట్టియు గాయము భాష మార్చుకొనును. నాలుగేండ్ల పసివాడు జరిగినదానిని మాటలలో పెట్టలేడు. ఎప్పుడో మానిన పక్క తడుపుట మరల మొదలిడును, తల్లి కొంగు విడువడు, ఆటలో ఒకే సంగతిని మాటిమాటికి ఆడును. బడియీడు పిల్లలకు కారణము తెలియని కడుపునొప్పి. పదునైదేండ్లవారికి జరిగినదేమో తెలియును. తెలియుటచేతనే సిగ్గు హెచ్చును. ఇల్లు విడిచి పారిపోవుట, దేహమును గాయపరచుకొనుట, ప్రాణము తీసికొందమను తలంపు ఆ యీడున పొడసూపును. (పక్క తడిపిన ప్రతి బిడ్డ విషయమునను అనుమానపడుడని మా భావము గాదు, చేరదీసి అడుగుడని మాత్రమే.) ‘చిన్నవాడు, మరచిపోవునులే’ అను మాట పెద్దలకు ఊరటయే గాని బిడ్డకు మందు గాదు. హింసించినవాడు తరచు ఇంటికి తెలిసినవాడే యగుటచేత ఆ మాట మరింత సులభముగ నోటికి వచ్చును.

2012 నాటి పోక్సో చట్టము 18 ఏండ్లలోపు బాలునకును బాలికకును సమముగ వర్తించును. ఫిర్యాదు వ్రాయు భాష బిడ్డకు అర్థము కానియెడల అనువాదకుని ఏర్పాటు చేయవలెనని దాని 19వ సెక్షను విధించుచున్నది. ఇది మనకు సంబంధించిన మాట. హోసూరున, బళ్లారిలో, బరంపురమున మన పిల్లలు బడిలో ఏ భాష చదివినను, చాలమంది భయమును నొప్పిని అమ్మతో పలుకు తెలుగుననే చెప్పగలరు. మాట దొరకక బిడ్డ మౌనము వహించినచో, విచారించువారు ‘ఏమియు జరుగలేదు’ అని వ్రాసికొనరా?

ఉగాదికి పందిళ్లు వేయగల మన సంఘములు, జిల్లా బాలల సంరక్షణ విభాగమునకు నలుగురు తెలుగు అనువాదకుల పేర్లనైన ఇచ్చినవా? ఇద్దరు స్త్రీలు, ఇద్దరు పురుషులు చాలుదురు. ఎవరితో మాటాడవలెనో బిడ్డయే యెంచుకొనును. రాబోవు కార్యవర్గ సమావేశమునకు ఆ పట్టిక సిద్ధము కావలెను. 1098 అను ఉచిత ఫోను నంబరును సంఘ కార్యాలయపు గోడపై, పిల్లల కంటికి అందు ఎత్తున, తెలుగులో వ్రాయించుటకు సమావేశముతో పని లేదు.