కాలేజీ దాటినా తెగని చుట్టరికం

పెళ్ళయి, బిడ్డ పుట్టి, ఉద్యోగం చేసుకుంటున్న కోడలు నెలకు రెండు శనివారాలు “మా సొరోరిటీ పని వుంది అత్తయ్యా” అని కారు తీసుకుని వెళ్ళిపోతే అత్తగారికి ఎలా వుంటుంది? హ్యూస్టన్‌లో కొడుకు దగ్గర ఆరు నెలలు వుండి వచ్చిన మా అక్కకైతే ఒళ్ళు మండింది. “కాలేజీ అయిపోయి ఏడేళ్ళయింది. ఇంకా ఆ క్లబ్బేమిటే? పైగా జీతం డబ్బుల్లోంచి ఏటా చందా కూడా కడుతుందిట!” అని నా దగ్గర వాపోయింది.

ఇది మా అక్క ఒక్కదాని గొడవే అయితే ఈ వారం మీ ముందు పెట్టేదాన్ని కాదు. అమెరికాలో పుట్టి పెరిగిన పిల్లల్ని కోడళ్ళుగా తెచ్చుకున్నవాళ్ళు, కూతుళ్ళనే అక్కడ పెంచుకుంటున్నవాళ్ళు మనలో చాలామంది వున్నారు. ఆ మాట మీ చెవినా పడే వుంటుంది. అదేమిటో తెలియకుండా కోప్పడటం కన్నా తెలుసుకుని కోప్పడటం నయం కదా!

నేను ఇంటరు దాకానే చదివినదాన్ని. ఆల్ఫా, బీటా, గామా అనేవి లెక్కల పుస్తకంలో చూడటమే తప్ప, వాటితో ఆడపిల్లల సంఘాలకు పేర్లు పెడతారని నాకూ తెలియదు. మా అక్క కోడల్ని ఫోన్‌లో అడిగాను. కొంత తను చెప్పింది, కొంత నేను చదివి తెలుసుకున్నాను.

‘సొరోర్’ అంటే లాటిన్ భాషలో సోదరి. పూర్వం అమెరికా కాలేజీల్లో మగపిల్లలకు గ్రీకు అక్షరాల పేర్లతో సంఘాలుండేవి. వాటిలోకి ఆడపిల్లల్ని రానిచ్చేవారు కాదు. సరే, మీకు మీరుంటే మాకు మేమున్నాం అని వాళ్ళే సొంతంగా పెట్టుకున్నారు. జార్జియా రాష్ట్రంలోని మేకన్ వూళ్ళో వెస్లియన్ ఆడపిల్లల కాలేజీలో 1851లో మొదలైన సంఘమే ఈనాటి ఆల్ఫా డెల్టా పై. ఇండియానాలో 1870లో కప్పా ఆల్ఫా థీటా వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలో సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో 1874లో గామా ఫై బీటా పుట్టింది. ఆ సంఘం కోసమే అక్కడి లాటిన్ పంతులుగారు 1882లో ‘సొరోరిటీ’ అనే మాట తయారు చేసి ఇచ్చారు.

కాలేజీలో చేరిన పిల్లలు వీటిలో సభ్యులవుతారు. కొన్నిచోట్ల సంఘానికి సొంత ఇల్లుంటుంది. పాతిక మందో, యాభై మందో కలిసి అక్కడే వుండి చదువుకుంటారు. మన హాస్టల్ లాంటిదే అనుకోండి. కొన్ని సంఘాలకు ఇల్లుండదు, నెలనెలా కూడుకోవడమే.

మన హాస్టల్‌కూ దానికీ తేడా ఎక్కడంటే, మనం పెట్టె సర్దుకుని గేటు దాటిన రోజుతో హాస్టల్ రుణం తీరిపోతుంది. వాళ్ళకు అలా కాదు. సభ్యత్వం జీవితాంతం. చదువు ముగించి వెళ్ళిన పాత సభ్యురాళ్ళు తాము కాపురమున్న వూళ్ళోనే మళ్ళీ ఒక శాఖగా ఏర్పడతారు. ఇరవై అయిదేళ్ళ పిల్లా, డెబ్భై అయిదేళ్ళ అమ్మమ్మా ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు.

కూర్చుని ఏం చేస్తారు అనేదే మా అక్క అడిగింది. పిచ్చాపాటీ వుండదని నేననను, నలుగురు ఆడవాళ్ళు కలిసినచోట అది లేకపోతేనే వింత. కానీ పనీ వుంది. సంఘానికి ఇల్లున్నచోట దాని మంచిచెడ్డలు చూసే కమిటీలో వుండేది సాధారణంగా ఈ పాతవాళ్ళే. పైకప్పు కారితే బాగు చేయించడం, వంటగది సామాను, బీమా, అద్దె లెక్కలు అన్నీ వాళ్ళ నెత్తినే. కాలేజీ పిల్లల శాఖకు సలహాదారులుగా కొందరుంటారు. ఒకరు డబ్బు లెక్కలు సరిచూస్తారు, ఒకరు కొత్త సభ్యుల్ని చేర్చుకునే వ్యవహారం చూస్తారు. ఇంకొందరు చందాలు పోగుచేసి స్కాలర్‌షిప్పులిస్తారు. ఉద్యోగాల ఇంటర్వ్యూకి ఎలా కూర్చోవాలో, ఏం మాట్లాడాలో నేర్పిస్తారు. ఇవన్నీ చాలామంది జీతం లేకుండా చేసేవే.

మా అక్క కోడలు డబ్బు లెక్కలు చూసే సలహాదారు. తను చెప్పిన ఒక్క సంగతి చాలు. క్రిందటేడు మొదటి సంవత్సరం పిల్ల ఒకతి, తండ్రికి ఉద్యోగం పోయిందని, ఇంట్లో చెప్పకుండా చదువు మానేద్దామనుకుంది. సంఘం రుసుము ఎందుకు కట్టలేదని అడగబోతే విషయం బయటపడింది. మా వాళ్ళమ్మాయి రెండు శనివారాలు కూర్చుని ఆర్థిక సాయం కాగితాలు ఆ పిల్ల చేత నింపించింది, తల్లిదండ్రులకు చెప్పించింది. పిల్ల చదువు ఆగలేదు. “చిన్నత్తయ్యా, నేను పద్దెనిమిదేళ్ళప్పుడు నాకలా కూర్చుని చెప్పిన అక్క ఒకావిడ వుండేది. ఆవిడకు నేనేం తిరిగి ఇవ్వగలను? ఈ పిల్లలకు ఇస్తున్నాను” అంది. అమ్మకు చెప్పలేనిది, స్నేహితురాలికి చెప్పినా ప్రయోజనం లేనిది అయినప్పుడు, మధ్యలో ఒక పెద్దదిక్కు వుండటం ఎంత అదృష్టమో ఆడపిల్లలుగా పెరిగిన మనకు వేరే చెప్పాలా?

ఈ పాత సభ్యురాళ్ళు చేసిన పెద్ద పనులు చరిత్రలోనూ వున్నాయి. పై బీటా ఫై సంఘం వాళ్ళు 1912లో టెనెసీ రాష్ట్రంలో గాట్లిన్‌బర్గ్ అనే కొండ వూళ్ళో బడి పెట్టారు. చదువుతో పాటు అక్కడి ఆడవాళ్ళు నేసిన బట్టలు, బుట్టలు అమ్ముడయ్యే దారి చూపించారు. ఆ బడే ఈనాడు ఆరోమాంట్ అనే పేరున్న చేతిపనుల పాఠశాల.

నల్లజాతి ఆడపిల్లల కథ ఇంకా గొప్పది. తెల్లవాళ్ళ సంఘాల్లో వాళ్ళకు చోటుండేది కాదు. వాషింగ్టన్‌లోని హోవార్డ్ విశ్వవిద్యాలయంలో 1908లో ఆల్ఫా కప్పా ఆల్ఫా, 1913లో డెల్టా సిగ్మా థీటా పెట్టుకున్నారు. డెల్టా పిల్లలు సంఘం పెట్టిన రెండు నెలలకే, 1913 మార్చి 3న, ఆడవాళ్ళకు ఓటు హక్కు కావాలంటూ వాషింగ్టన్‌లో జరిగిన ఊరేగింపులో నడిచారు. ఆల్ఫా కప్పా ఆల్ఫా వాళ్ళయితే 1935 నుంచి కొన్నేళ్ళపాటు ప్రతి వేసవిలో మిసిసిపి పల్లెలకు వెళ్ళి వైద్యం చేశారు. డాక్టర్ డొరతీ ఫెరెబీ నాయకురాలు. ప్రత్తి తోటల యజమానులు కూలీల్ని వైద్యశిబిరానికి వెళ్ళనివ్వకపోతే, వీళ్ళే కార్లలో మందులు పెట్టుకుని తోటల దగ్గరికి వెళ్ళి పిల్లలకు టీకాలు వేశారు. కారే ఆసుపత్రి అన్నమాట! సెలవులు మానుకుని, ఎండలో, మట్టిరోడ్ల మీద. దాన్ని క్లబ్బు అనగలమా చెప్పండి.

2021 నుంచి 2025 దాకా అమెరికా ఉపాధ్యక్షురాలుగా చేసిన కమలా హారిస్ ఈ సంఘం సభ్యురాలే. ఆవిడ తల్లి మన పక్క తమిళనాడు నుంచి వెళ్ళినావిడ. మన దేశం వైపు నుంచి వెళ్ళిన కుటుంబాల పిల్లలకు మాత్రం తమ తీరు సంఘాలు 1998లో మొదలయ్యాయి. టెక్సాస్‌లో ఆస్టిన్‌లో కప్పా ఫై గామా, హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా ఆ ఏడాదివే. ఇంట్లో తెలుగో, గుజరాతీయో, బెంగాలీయో మాట్లాడుకుంటూ, బయట పూర్తిగా అమెరికా పిల్లల్లా మసలుకునే ఆడపిల్లలకు, తమ ఇంటి సంగతి విడమరిచి చెప్పకుండానే అర్థం చేసుకునే జట్టు దొరికింది.

అలాగని అంతా పాలూ తేనే కాదు. ఖర్చు తక్కువ కాదు, భరించలేని పిల్లలు బయటే వుండిపోతారు. కొన్ని సంఘాలు రంగును బట్టి, మతాన్ని బట్టి తలుపులు మూసిన రోజులు చాలాకాలం నడిచాయి. కొత్తగా చేరినవాళ్ళని ఏడిపించే రోగం అక్కడా వుంది. మనం ర్యాగింగ్ అంటాం, వాళ్ళు హేజింగ్ అంటారు. మనకు ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. అమెరికాలో రాష్ట్రాల చట్టాలు ముందునుంచీ వున్నా, కాలేజీలు ఈ సంఘటనల లెక్కలు బయటపెట్టి తీరాలని దేశమంతటికీ చట్టం 2024 డిసెంబరులో వచ్చింది. చట్టాలెన్ని వున్నా, గదిలో ఏం జరుగుతోందో కనిపెట్టి “ఇది కుదరదు” అనగలిగే పెద్ద మనిషి ఒకరుండాలి. ఆ పని చేయాల్సిందీ ఈ పాత సభ్యురాళ్ళే. “మేం పడ్డాం, మీరూ పడండి” అనే పాతవాళ్ళుంటే ఆ సంఘం ఏనాటికీ బాగుపడదు. అత్తరికం సంగతీ అంతే కదూ!

మా అక్కకు ఇవన్నీ చెప్పాను. “సరేలేవే, మంచి పనే. మరి ఆ శనివారాలు పసివాడి సంగతి?” అంది. అదీ న్యాయమైన ప్రశ్నే. ఊరికి ఉపకారం చేస్తూ ఇంట్లో వాళ్ళకు చాకిరీ మిగిల్చితే అది సేవ అనిపించుకోదు. కోడలితో కూడా ఆ మాటే అన్నాను. ఆ పిల్ల తెలివైంది. నొచ్చుకోలేదు. నెల మొదట్లోనే తేదీలు గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టడం, ఆ రెండు పూటలూ పసివాడి తిండీ స్నానం వాళ్ళ నాన్న వంతు అని ఖాయం చేసుకోవడం, మధ్యాహ్నం రెండింటికల్లా ఇల్లు చేరడం అని ఏర్పాటు చేసుకుంది. మా అక్క మళ్ళీ వెళ్ళినప్పుడు, స్కాలర్‌షిప్ నిధికి పిల్లలు వంటకాలు అమ్ముతుంటే, నలభై మందికి పులిహోర కలిపి ఇచ్చింది. చింతపండు పులుసు ముందురోజే ఉడికించి పెట్టుకోవాలని ఆ పిల్లలకు నేర్పింది కూడా. అయినా ఇప్పటికీ “నెలకు ఒక్క శనివారం చాలదటే?” అంటూనే వుంటుంది. అననివ్వండి, అది అత్తగారి హక్కు!

ఇలాంటి పనిలో దిగాలనుకునే అమ్మాయిలకు, వాళ్ళ అనుభవం విన్నాక నాకు తోచినవి నాలుగు మాటలు.

అన్ని పనులకూ ఊ అనకండి. మీకు చేతనైనది ఒక్కటి తీసుకోండి. లెక్కలు వచ్చినవాళ్ళు లెక్కలు, మాట నేర్పున్నవాళ్ళు ఇంటర్వ్యూ శిక్షణ. ఏడాదికని ఒప్పుకోండి. కుదిరితే మళ్ళీ ఏడాది, కుదరకపోతే ముందే చెప్పి ఇంకొకరికి అప్పగించండి.

“మా రోజుల్లో ఇలా కాదు” అనే మాట గుమ్మం బయటే వదిలేయండి. పెత్తనం పిల్లలది, సలహా మీది. అడిగినప్పుడు చెప్పండి. ప్రమాదం కనబడితే మాత్రం అడగకపోయినా చెప్పండి.

డబ్బు దగ్గర మొహమాటం వద్దు. ప్రతి రూపాయికీ, డాలరుకీ కాగితం వుండాలి. రెండో మనిషి సంతకం వుండాలి. ఎంత మంచి స్నేహమైనా చెడేది అక్కడే.

పిల్లలు నమ్మి చెప్పిన ఇంటి గుట్టు ఇంకొకరి చెవిన వేయకండి. ప్రాణం మీదికి వచ్చే సంగతి అయితే మాత్రం దాచకుండా, సాయం చేయగలవాళ్ళకు చెప్పి తీరాలి.

ఇక ఇక్కడున్న మన సంగతి. మనకు గ్రీకు అక్షరాలు లేవు కానీ హాస్టళ్ళున్నాయి, ఆడపిల్లల జూనియర్ కాలేజీలున్నాయి. పూర్వ విద్యార్థుల కలయిక అంటే ఒకేరంగు చీరలు కట్టుకుని, గ్రూప్ ఫోటో దిగి, భోజనం చేసి రావడమేనా? ఆ పూట హాస్టల్ వార్డెన్‌నో, ప్రిన్సిపాల్ గారినో ఒక్క మాట అడగండి, ఈ ఏడు ఫీజు కట్టలేక ఆగిపోయేలా ఎవరైనా వున్నారా అని. పదిమంది తలో అయిదొందలు వేసుకుంటే ఒక పిల్ల పరీక్ష ఫీజూ, పుస్తకాలూ గడుస్తాయి. డబ్బు లేనివాళ్ళు నెలకోసారి ఒక పూట ఇవ్వండి. కుట్టుపని వస్తే అది నేర్పండి. బ్యాంకు ఫారాలు నింపడం వస్తే అది చూపించండి. ఏమీ రాదనుకుంటే ఊరికే కూర్చుని వాళ్ళు చెప్పేది వినండి. ఇల్లు వదిలి కొత్తగా వచ్చిన పదహారేళ్ళ పిల్లకు అదే పెద్ద సాయం.

అయితే ముందు ప్రిన్సిపాల్ గారి అనుమతి తీసుకునే వెళ్ళండి. ఒంటరిగా కాకుండా ఇద్దరు కలిసి వెళ్ళండి. మొదటి నెల చేసిన ఆర్భాటం కన్నా, పన్నెండో నెల కూడా వెళ్ళడం ముఖ్యం. వస్తామని చెప్పి రాని పెద్దవాళ్ళని ఆ పిల్లలు చాలామందినే చూసి వుంటారు.