డిజిటల్ రూపాయి: వెలుగు రెండు వైపులా పడాలి

మోతె పరిసరాల ధాన్యం సూర్యాపేట యార్డుకో, కోదాడ బజారుకో, మిర్యాలగూడ మిల్లులకో చేరుతుంది. సరకు కాటా ఎక్కినంత త్వరగా సొమ్ము రైతు చేతికి రాదన్నది పాత ఫిర్యాదే. అందువల్ల రిజర్వు బ్యాంకు డిజిటల్ రూపాయి ఈ బజార్లు పట్టించుకోవలసిన విషయమే.

ఇది బ్యాంకు డిపాజిట్టు కాదు; నోటులాగానే రిజర్వు బ్యాంకు పూచీ గల సొమ్ము. వడ్డీ రాదు. 2022లో చట్టాన్ని సవరించి బ్యాంకు నోటు నిర్వచనంలో దీనినీ చేర్చారు. ఆ ఏడాది నవంబరు 1న టోకు ప్రయోగం, డిసెంబరు 1న చిల్లర ప్రయోగం మొదలయ్యాయి. ఆ టోకు మొదలైంది ప్రభుత్వ సెక్యూరిటీలతోనే గాని ధాన్యంతో కాదు. 2025 మార్చి ఆఖరుకు చలామణిలో ఉన్నది సుమారు 1,016 కోట్లు. లక్షల కోట్ల నోట్లు తిరిగే దేశంలో ఇది సముద్రంలో కాకిరెట్ట.

ప్రతి రూపాయికీ జాడ ఉంటుందన్నదే వర్తకుల జంకు. అందుకు కారణం లేకపోలేదు. 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయినది వానకాలం పంట బజారుకు వచ్చే రోజులలోనే. ధాన్యం వ్యాపారానికి నగదు అవసరమని ప్రభుత్వమూ ఒప్పుకున్నది. 2019లో కోటికి మించిన నగదు డ్రాపై పన్ను కోత విధించిన వెంటనే, రైతులకు చెల్లించేందుకు డబ్బు తీసే మార్కెట్ కమిటీ వర్తకులకు, కమీషన్ ఏజెంట్లకు మినహాయింపు ఇచ్చింది.

అయితే యార్డులో చీకటి చెల్లింపులో మాత్రమే లేదు. ఎవరు ఎవరికి ఎంత, ఏనాడు ఇచ్చారో డిజిటల్ రూపాయి చెబుతుంది. తేమ పేరిట ధర ఎంత తగ్గించారో, తరుగు ఎంత తీశారో, పాత బాకీకి ఎంత పట్టుకున్నారో చెప్పదు. అది చెప్పవలసినది తక్‌పట్టీ. చెల్లింపుతో తక్‌పట్టీ నంబరు ముడిపడనిదే పారదర్శకత సగమే.

అప్పుల సంగతి మరొకటి. ఎరువులు, విత్తనాలకే ఖర్చయ్యేలా కట్టుబాటు చేసిన డిజిటల్ రూపాయలను ఆంధ్రప్రదేశ్, ఒడిశాలలోని కొన్ని గ్రామాల కౌలు రైతులకు స్టేట్ బ్యాంకు ప్రయోగాత్మకంగా ఇస్తున్నట్లు రిజర్వు బ్యాంకు గవర్నరు 2024లో తెలిపారు. పట్టా లేని కౌలుదారుకు బ్యాంకు అప్పు పుడితే అడ్తి పట్టు సడలుతుంది, అది మంచిదే. కాని ఆస్పత్రి ఖర్చుకు, పెళ్ళి ఖర్చుకు ఆ రూపాయి చెల్లదు. అప్పుడు రైతు మళ్ళీ అడ్తి గడపే తొక్కుతాడు.

కనుక మొదటి అడుగు ప్రభుత్వానిదే కావాలి. కొనుగోలు కేంద్రాల ధాన్యం సొమ్మును, మిల్లులకు రావలసిన మరాడింపు చార్జీలను ముందు ఈ రూపాయిలలోనే చెల్లించి చూపాలి. సరకు ఏనాడు అందిందో, సొమ్ము ఏనాడు ఇచ్చారో పక్కపక్కనే కనబడాలి. అప్పుడు వర్తకుడు కాదనడానికి సాకు మిగలదు. కాటాకు తట్టలు రెండు; ఒక తట్టనే వెలుగులో పెట్టి తూకం సరిపోయిందంటే బజారు నమ్మదు.