చెయ్యెత్తితే చాలదా?

ఫిబ్రవరి మూడో వారం. ఢిల్లీలో ఇంకా స్వెట్టర్లు విప్పని పొద్దు. కరోల్‌బాగ్ వైపు ఒక సీబీఎస్‌ఈ బోర్డు పరీక్షా కేంద్రం గేటు ముందు తల్లులు ఫ్లాస్కులు పట్టుకుని నిలబడ్డారనుకోండి. పదో తరగతి పిల్ల ఒకతి వాళ్లమ్మ చెవిలో ఏదో చెబుతుంది. ‘‘ఇవాళేనా?’’ అంటుంది తల్లి. పిల్ల తలూపి, ఇంకా చిన్న గొంతుతో ఇంకో మాట చేరుస్తుంది: ‘‘పొద్దుణ్నుంచి మూడుసార్లు వెళ్లానమ్మా.’’ పది కొడితే గేటు మూసేస్తారు. ఫ్లాస్కు మూతలో వాము నీళ్లు పోసి రెండు గుక్కలు తాగించి, ‘‘ఏం కాదులే తల్లీ, దణ్ణం పెట్టుకుని వెళ్లు’’ అని పంపించడం తప్ప ఆ తల్లి మాత్రం ఏం చేస్తుంది? పదింబావుకు ప్రశ్నపత్రం చేతికొస్తుంది. పదిన్నర నుంచి ఒకటిన్నర దాకా రాత.

ఆ పిల్ల చెప్పిన మొదటి మాట పైకి అనడం మన ఇళ్లలో కొంత అలవాటైంది. ప్యాడ్ల ప్రకటన రాగానే టీవీ చానల్ మార్చే నాన్నలు తగ్గారు. మందుల షాపులో ఇప్పటికీ నల్ల కవర్లో చుట్టే ఇస్తారనుకోండి, అది వేరే సంగతి. రెండో మాట మాత్రం నోరు దాటదు. నెలసరితో పాటే కడుపు కదులుతుందని అమ్మలు కూడా అమ్మాయిలకు చెప్పరు. పరీక్ష భయమని సరిపెడతారు, లేదంటే నిన్న సాయంత్రం తిన్న గోల్‌గప్పాల మీదికి నెట్టేస్తారు.

భయం పాత్ర కొంత ఉండొచ్చు. గోల్‌గప్పాలు చాలాసార్లు నిర్దోషులే. నెలసరి సమయంలో గర్భాశయం లోపలి పొర ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను వదులుతుంది. కండరాన్ని బిగించి ఆ పొరను బయటికి పంపడం వాటి పని. పక్కనే పేగు ఉంది, దాని గోడల్లోనూ అదే జాతి కండరం. గర్భాశయానికి అందిన ఆజ్ఞ పేగుకూ వినబడుతుంది. అందుకే పొత్తికడుపు నొప్పీ విరేచనాలూ జంటగా వస్తాయి. 1935లో ఈ పదార్థానికి పేరు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త ఉల్ఫ్ ఫాన్ ఆయిలర్ అది మగవారి ప్రోస్టేట్ గ్రంథిలో పుడుతుందనుకున్నాడు. ఆడపిల్లల్ని నెలనెలా మెలితిప్పే నొప్పికి మగవాళ్ల గ్రంథి పేరు అలా అతుక్కుపోయింది!

ఆస్పిరిన్ లాంటి మందులు ఈ రసాయనాల తయారీనే ఆపుతాయని 1971లో బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ వేన్ తేల్చాడు. 1982లో నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో ఆయనొకడు. పరీక్ష రాసే పిల్లకు ఆ పరిశోధన వల్ల తెలిసేది ఒకటే. మాత్ర వేసుకోవాల్సింది నొప్పి మొదలవుతున్నప్పుడు, అదీ ఏదైనా తిన్నాక. ఓర్చుకుని ఓర్చుకుని, ఇక తట్టుకోలేనన్నప్పుడు వేసుకుంటే అది పనిచేసేసరికి సగం ప్రశ్నపత్రం అయిపోతుంది.

ఢిల్లీలో అమ్మాయిల బ్యాగుల్లో ఎక్కువగా కనబడేది మెఫెనామిక్ యాసిడ్ మాత్ర. ఒంటికి పడనివారిలో అది అరుదుగా తీవ్రమైన ప్రతిచర్యకు దారితీయవచ్చని పక్కనే గాజియాబాద్‌లో ఉన్న ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023 నవంబరులో హెచ్చరించింది. అంతకన్నా మామూలు ఇబ్బంది, అదే మాత్ర కొందరికి విరేచనాలు పట్టిస్తుంది. అసలే కడుపు కదిలే పిల్లకు అది గోరుచుట్టు మీద రోకటిపోటు. కాబట్టి కొత్త మాత్రను పరీక్ష నాడు పరీక్షించవద్దు. డాక్టర్ని అడిగి, ముందు నెలల్లో వాడి చూసి తెలుసుకోవలసిందది. వ్రతాలకూ తిరుపతి ప్రయాణాలకూ నెలసరి వాయిదా వేసే మాత్రలున్నాయని మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఇప్పుడవి పరీక్షల దాకా వచ్చాయి. అవి హార్మోన్లు, ఎదురింటి ఆంటీ సలహాతో వేసేవి కావు. వేడినీళ్ల బ్యాగు కాపడానికి ఏ చీటీ అక్కర్లేదు. నెలసరి రోజుల్లో విరేచనానికి వెళ్లడమే ప్రాణం పోయేంత నొప్పిగా ఉంటే మాత్రం అది ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు కావచ్చు. పరీక్షలయ్యాక చూద్దామని వదిలెయ్యకూడదు.

ఇంటి వైద్యం గేటు దాకా. గేటు దాటాక రాజ్యం నిబంధనలది. బోర్డు పరీక్షల్లో అమ్మాయిలకు అవసరమైనప్పుడు బాత్‌రూమ్‌కి వెళ్లే వీలివ్వాలనీ, కేంద్రాల్లో ప్యాడ్లు ఉచితంగా ఉంచాలనీ, సిబ్బందికి ఈ విషయమై అవగాహన కల్పించాలనీ కేంద్ర విద్యాశాఖ 2024 జూన్‌లో సీబీఎస్‌ఈకీ రాష్ట్రాలకూ సూచన పంపింది. మంచి కాగితం. అయితే నెలసరి పేరెత్తితేనే దొరికే అనుమతి కడుపు పట్టుకుని కూచున్న పిల్లకు ఎంతవరకు అక్కరకొస్తుంది? గది నిండా ఉన్న పిల్లల ముందు, అందులో సగం అబ్బాయిల ముందు, ముక్కూమొహం తెలియని ఇన్విజిలేటర్‌కి ఆమె ఏమని చెప్పుకోవాలి? ఒకసారి వెళ్లొస్తే సరే. రెండోసారి లేస్తే ‘మళ్లీనా?’ అంటారు. ఆ ఒక్క మాటకు జడిసి పొద్దున్నే ఏమీ తినకుండా, నీళ్లు కూడా తాగకుండా వెళ్లే పిల్లలున్నారు. ఖాళీ కడుపు మీద నొప్పి మాత్ర!

కాపీ భయం ఉట్టిదని ఎవరూ అనరు. చీటీలూ ఫోన్లూ బాత్‌రూముల్లోనే దొరికిన సందర్భాలు లేకపోలేదు. ఆ అనుమానాన్ని తలుపు బయట నిలబడే మహిళా సిబ్బందికి అప్పగించాలి, పిల్ల మొహం మీదికి విసరకూడదు. శరీరం కోసం నిబంధన సడలించడం సీబీఎస్‌ఈకి కొత్తేమీ కాదు. టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లలు చక్కెర మాత్రలూ, పండ్లూ, చిరుతిండీ వెంట తెచ్చుకోవచ్చని 2017లోనే అనుమతించింది. దానివల్ల పరీక్షల పరువేమీ పోలేదు.

అడ్మిట్ కార్డు మీద ఎలాగూ బోలెడు సూచనలు అచ్చు వేస్తారు. వచ్చే ఫిబ్రవరికి వాటిలో ఒక్కటి చేర్చమని బోర్డు పెద్దలకు మనవి: బాత్‌రూమ్‌కి వెళ్లాలంటే చెయ్యెత్తండి, కారణం చెప్పనక్కర్లేదు.