మునకకు టికెట్టా?

జనవరి 1 వచ్చిందంటే స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరోకు పడమరన ఉన్న సౌత్ క్వీన్స్‌ఫెర్రీ రేవులో జనం వేషాలు కట్టి మరీ నీళ్లలోకి దిగుతారు. వెనక ఎర్రటి ఫోర్త్ రైలు వంతెన, ఎదురుగా ఆరేడు డిగ్రీల ఉప్పునీరు. పరుగున దిగిన మనిషి మోకాళ్ల దాకా నవ్వుతూనే ఉంటాడు. నీళ్లు ఛాతీకి తగలగానే నవ్వు ఆగిపోతుంది, ఊపిరి ఎగబీలుస్తాడు. కాసేపటికే ఒడ్డున తువ్వాలు వెతుక్కుంటుంటాడు. దీని పేరు లూనీ డూక్. పిచ్చి మునక అనుకుంటే సరిపోతుంది. దీన్ని పుట్టించింది ఏ సేవాసంస్థా కాదు. పండగ రాత్రి తాగిన మత్తు దిగాలంటే ఇదే మందని కొందరు స్నేహితులు వేళాకోళమాడుకుని 1980ల్లో ఒక కొత్త సంవత్సరం రోజున దిగారు. విరాళాలు ఆ తర్వాత వచ్చి చేరాయి. న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లోనూ ఇదే వరస. అక్కడ 1903లో పోలార్ బేర్ క్లబ్బు పెట్టిన బెర్నార్ మాక్‌ఫాడెన్‌ది దేహదారుఢ్యం పిచ్చి, చన్నీళ్లు సత్తువ ఇస్తాయని నమ్మకం. ప్రాణాపాయపు జబ్బులున్న పిల్లలకు, వాళ్ల కుటుంబాలకు విడిది ఇచ్చే క్యాంప్ సన్‌షైన్ కోసం అట్లాంటిక్‌లో మునగడం దాదాపు నూరేళ్ల తర్వాతి మాట.

ముందు సరదా, వెనక దానం. ఈ వరసను తిరగేస్తే రెండూ చెడతాయని నా వాదన. ఇవ్వదలచినవాడు ఇంట్లో కూర్చునే ఇవ్వొచ్చుగా, ఈ వణుకెందుకని కొందరంటారు. ఇవ్వడం తేలికే, అడగడమే కష్టం. ఆఫీసులో పక్క సీటాయన్ని ఊరికే చందా అడిగితే ఫైల్లో తల దూరుస్తాడు. 'జనవరిలో సముద్రంలో దూకుతున్నా, ఎంతిస్తావ్?' అంటే నవ్వుతూ జేబు తడుముకుంటాడు. (మన కార్తీక స్నానంలో వణికినవాడికే పుణ్యం. ఇక్కడ వణికేది ఒకరు, ఫలం మరొకరిది.) ప్రమాదం మాటేమిటన్నది ఇంకా గట్టి ప్రశ్న. చన్నీళ్లు తగిలిన మొదటి నిమిషంలోనే ఊపిరి అదుపు తప్పుతుంది, రక్తపోటు ఎగబాకుతుంది. గుండెజబ్బు ఉన్నవాళ్లు దిగకూడదు, అంతే. అందులో సర్దుబాటు లేదు.

2011లో లూనీ డూక్‌ను ఎడిన్‌బరో కొత్త సంవత్సర వేడుకల్లో కలిపి దిగేవాళ్లకు టికెట్టు పెట్టారు. అందులో కొంత సముద్రంలో ఆపదలో ఉన్నవాళ్లను కాపాడే లైఫ్‌బోట్ల సంస్థకు వెళ్లేది. ఊరివాళ్లు గొణిగారు, న్యాయంగానే. జనం వేలల్లో వస్తే కాపలా, అంబులెన్సు, బారికేడ్లు ఎవరు పెడతారని నిర్వాహకుల ప్రశ్న. అది కొట్టిపారేసే మాట కాదు. అయితే ఖర్చు రాబట్టుకోవడం వేరు, దానం వేరు. టికెట్టులో ఏది దేనికో వేరుచేసి చెప్పకపోతే, కొన్నవాడు తన వంతు ఇచ్చేశాననుకుని పక్క సీటాయన్ని అడగడం మానేస్తాడు. కోనీ ఐలాండ్‌లో మునకకు రుసుము లేదు, విరాళం ఇమ్మని అడుగుతారు. ఇచ్చేవాడు ఇస్తాడు, లేనివాడు ఊరికే మునిగి వెళ్తాడు. దానికి చిక్కులు లేవనను. జనం పెరిగేకొద్దీ ఒడ్డున కాపలా ఖర్చూ పెరుగుతుంది. అయినా అడగడానికి చోటు మిగులుతుంది.

కోవిడ్ తర్వాత నిర్వాహకులు లూనీ డూక్‌ను కార్యక్రమాల జాబితాలోంచి తీసేశారు. 2023 జనవరి 1న టికెట్టూ లేదు, పిలుపూ లేదు. వందలమంది వేషాలు వేసుకుని తమంతట తామే రేవుకు వచ్చి దూకారు.