భోగిమంట తప్పిన ఆటపెట్టె

అటకమీది సామాన్లకి ఏడాదికోసారి గండం వస్తుంది. దాని పేరు భోగి. కాలు విరిగిన పీట, చివికిపోయిన చాప, అల్లిక ఊడిన బుట్ట... అన్నీ ఆరోజే కిందికి దిగుతాయి. తెనాలి పక్కనే ఉన్న అంగలకుదురులో ఓ ఇంట్లో, భోగికి ముందురోజు, ఆ గండం ఓ పాత వీడియోగేమ్‌కి వచ్చిందనుకోండి.

గుడ్డసంచి మూతి విప్పేసరికి ఇంటాయన తన వస్తువుని తానే గుర్తుపట్టలేకపోయాడు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో తమ్ముడితో కలిసి ఆడిన పెట్టె అది. అప్పుడు మల్లెపువ్వులా ఉండేది. ఇప్పుడు ముదురు పసుపురంగుకి తిరిగింది.

‘ఏంట్రా అది, గారపట్టిన పళ్లలాగా?’ అంది వాళ్లమ్మ.

‘మా వీడియోగేమ్ అమ్మా. మారియో, కాంట్రా ఆడేవాళ్లం, గుర్తులేదూ?’

‘గుర్తులేకేం! టీవీ పాడైపోతుందని మీ నాన్నగారు తీగలు పీకి దాచేసేవారు. మీరిద్దరూ బీరువా మీద వెతికేవాళ్లు.’

‘రంగు చూస్తేనే తెలుస్తోంది దాని ఆయుష్షు. రేపు మంటలో వేసేయండి’ అంది ఇల్లాలు. ‘వద్దు నాన్నా, మనం ఆడుకుందాం’ అంది పదేళ్ల కూతురు. ఇంటాయన ఇద్దరి మధ్యా నలిగి, సబీనా పొడీ పీచూ తీసుకుని పెరట్లోకి నడిచాడు. పదినిమిషాలు తోమాడు. పైన దుమ్ము పోయింది. పసుపు పోలేదు. పైగా నున్నటి మూతమీద గీతలు పడ్డాయి. స్కూటర్లోంచి కాస్త పెట్రోలు తీసి తుడుద్దామా అనుకున్నాడు. అదృష్టం బాగుండి ఆగాడు.

చాలా ఇళ్లలో జరిగేది ఇదే. పాత వస్తువు పచ్చబడితే మురికి అనుకుంటారు. మురికి అనుకుంటే తోముతారు. తోమితే ఉన్నదీ పోతుంది.

మురికి కాదు, మరేంటి?

స్క్రూలు విప్పి పెట్టె లోపలివైపు చూస్తే విషయం అర్థమైపోతుంది. బయట ఎంత పసుపున్నా లోపల తెలుపు తెలుపుగానే ఉంటుంది. స్టిక్కరు పీకిన చోట కూడా అంతే. అంటే పసుపు పైనుంచి వచ్చి అంటుకున్నది కాదు. ప్లాస్టిక్ పైపొరే రంగు మారింది.

ఇలాంటి పెట్టెల్ని ఎక్కువగా ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. పూర్తిపేరు ఎక్రిలోనైట్రైల్ బ్యూటాడయీన్ స్టైరీన్. పిల్లలాడుకునే లెగో ఇటుకల్ని 1963 నుంచి దీంతోనే చేస్తున్నారు. గట్టిగా ఉంటుంది, కిందపడినా అంత తేలిగ్గా పగలదు. ఆ గట్టిదనానికి కారణం అందులోని బ్యూటాడయీన్, అంటే రబ్బరు భాగం. చిక్కు కూడా అక్కడే ఉంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలూ వేడీ సోకినప్పుడు ఆ భాగం గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తుంది. అలా ఏర్పడిన కొత్త పదార్థాలు నీలిరంగు కాంతిని పీల్చేసుకుంటాయి. తెల్లటి వెలుగులోంచి నీలం తీసేస్తే కంటికి కనిపించేది పసుపే. నిప్పు తొందరగా అంటుకోకుండా ఎలక్ట్రానిక్ వస్తువుల ప్లాస్టిక్‌లో బ్రోమిన్ రసాయనాలు కలపడం కూడా మామూలే. రంగు మారడంలో వాటికీ పాత్ర ఉందంటారు.

‘ఎండ తగలని అటకమీద ఎలా పచ్చబడింది?’ అన్న అనుమానం రావచ్చు. ఒకసారి మొదలైన మార్పు చీకట్లోనూ ఆగదు. దానికి గాలీ, వేడీ చాలు. మన డాబా ఇళ్లలో పైకప్పు కింద అటకంత వేడిగా ఉండే చోటు మరొకటి లేదు. అందుకే టీవీ రిమోటూ, కంప్యూటర్ కీబోర్డూ, స్విచ్‌బోర్డూ కూడా ఇదే దారి పడతాయి.

అన్నీ ఒకేలా మారవు కూడా. నింటెండో సంస్థ 1990లో జపాన్‌లోనూ, 1991లో అమెరికాలోనూ విడుదల చేసిన సూపర్ నింటెండో పెట్టెల్లో కొన్నింటికి పైమూత పసుపెక్కి, అడుగుభాగం మాత్రం కొత్తదానిలా ఉంటుంది. రెండూ ఒకే ఇంట్లో, ఒకే బల్లమీద పెరిగినవే. ప్లాస్టిక్ కలిపిన పాళ్లలో తేడా!

మన ఇళ్లకు ఎలా వచ్చాయి?

నింటెండో తన ‘ఫ్యామిలీ కంప్యూటర్’ని 1983 జులైలో జపాన్‌లో అమ్మకానికి పెట్టింది. తెలుపు, ఎరుపు రంగుల ఆ పెట్టెకు లెక్కలేనన్ని నకళ్లు పుట్టుకొచ్చాయి. 1990ల్లో మన పట్టణాలకు వచ్చినవాటిలో చాలావరకూ ఆ నకళ్లే. ఒక్క క్యాసెట్లో వందల ఆటలున్నాయని పైన రాసుండేది. ఆడిచూస్తే అవే పదో ఇరవయ్యో తిరిగి తిరిగి వచ్చేవి. క్యాసెట్ పనిచేయకపోతే నోటితో ఊదడం పిల్లలందరికీ తెలిసిన వైద్యం.

అసలు కంపెనీ సరుకు అందరికీ అందేది కాదు. 1995లో షా వాలెస్ సంస్థ సెగా మెగాడ్రైవ్‌ని మనదేశంలోకి తెచ్చినప్పుడు దాని ధర 18,000 రూపాయలు. అప్పట్లో చాలామంది ఉద్యోగుల జీతానికి అది ఎన్నో రెట్లు. మెగాడ్రైవ్‌కి ఇంకో సుఖం ఉంది. దాని ఒళ్లు నలుపు. వయసు మీదపడినా బయటపడదు. తెల్లగా పుట్టినవాటికే ఈ కష్టమంతా.

పుండు కడిగే మందే...

2007-08 ప్రాంతంలో జర్మనీలోనూ ఇతర దేశాల్లోనూ పాత కంప్యూటర్లను సేకరించేవాళ్లు దీనికో ఉపాయం కనిపెట్టారు. పచ్చబడ్డ భాగాల్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో నానబెట్టి వెలుతురు తగలనిస్తే తెలుపు తిరిగొస్తోందని గమనించారు. ఆ పద్ధతికి ‘రెట్రోబ్రైట్’ అని పేరు పెట్టుకున్నారు. మందు మాత్రం కొత్తదేం కాదు. 1818లో ఫ్రెంచి శాస్త్రవేత్త తెనార్డ్ కనిపెట్టిందే. పుండుమీద పోస్తే నురగలొచ్చేది అదే.

తెల్లపంచె పచ్చబడితే నీలిమందు పెడతారు. అది పసుపుని కంటికి కనపడకుండా చేస్తుందే తప్ప పోగొట్టదు. పెరాక్సైడ్ అలా కాదు. పసుపురంగు చూపిస్తున్న పదార్థాల్నే విరగ్గొడుతుంది. వెలుతురూ, కాస్త వేడీ ఆ పనిని తొందరపెడతాయి.

మందులషాపులో దొరికేది సాధారణంగా 6 శాతం ద్రావణం. సీసామీద ‘20 వాల్యూమ్’ అని ఉంటుంది. అంటే లీటరు ద్రావణం నుంచి 20 లీటర్ల ఆక్సిజన్ వస్తుందని. బ్యూటీపార్లర్లలో జుట్టుకి రంగువేసేటప్పుడు వాడే డెవలపర్ క్రీములోనూ ఇదే ఉంటుంది. 20 వాల్యూమ్ అంటే 6 శాతం, 30 అంటే 9, 40 అంటే 12. పరిశ్రమలకు అమ్మే 35 శాతం ద్రావణం జోలికి మాత్రం పోకూడదు. అది చర్మాన్ని కాల్చేస్తుంది.

ఎలా చేయాలి?

ముందు ప్లగ్గు పీకాలి. పెట్టె అడుగున ఉండే స్టార్ స్క్రూలు విప్పి, లోపలి సర్క్యూటు, తీగలు, రబ్బరు బొత్తాలు, ఇనుప ముక్కలు అన్నీ వేరుచేయాలి. ఏ స్క్రూ ఎక్కడిదో ఫోనుతో ఫొటో తీసుకుంటే తర్వాత తలపట్టుకోవక్కర్లేదు. కాగితపు లేబుళ్లనూ, స్టిక్కర్లనూ పెరాక్సైడ్ వెలిసిపోయేలా చేస్తుంది. వీలైతే జాగ్రత్తగా ఊడదీయాలి.

తర్వాత ఖాళీ మూతల్ని గోరువెచ్చటి సబ్బునీళ్లతో, మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో కడగాలి. ఈ కడుగుడుతోనే సగం వస్తువులు బాగుపడతాయి. అక్కడితో తృప్తిపడేవాళ్లకి మందు అవసరమే రాదు. పెట్రోలు, థిన్నర్, గోళ్లరంగు తుడిచే అసిటోన్ మాత్రం ముట్టించకూడదు. ముఖ్యంగా అసిటోన్, థిన్నర్ తగిలితే ఈ ప్లాస్టిక్ కరిగి జిగురైపోతుంది.

మందు పెట్టడానికి రెండు దారులున్నాయి. ఒకటి, అడుగు కనిపించే ప్లాస్టిక్ డబ్బాలో భాగాల్ని పూర్తిగా మునిగేలా ఉంచి 6 శాతం ద్రావణం పోయడం. ముక్క తేలిపోతే పైన గాజుగ్లాసులాంటి బరువు పెట్టాలి. తేలిన భాగం పసుపుగానే మిగిలిపోతుంది. డబ్బాకి మూత వదులుగానే ఉండాలి. బిగిస్తే లోపల పుట్టే ఆక్సిజన్‌తో పేలిపోవచ్చు. రెండోది, క్రీము సమంగా పట్టించి, అది ఎండిపోకుండా వంటింట్లో గిన్నెలకి చుట్టే పల్చటి ప్లాస్టిక్ పొర చుట్టడం. క్రీముతో ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. అరగంటకోసారి తిప్పాలి, చోటు మార్చి మళ్లీ రాయాలి. ఒకచోట ఎండితే అక్కడ పాలరాయిమీద చారల్లాంటి మచ్చలు పడతాయి. అవి పోవు. మొదటిసారి చేసేవాళ్లకి నానబెట్టే పద్ధతే మంచిది.

వెలుతురు సంగతి చెప్పక్కర్లేదు. యూరప్‌లో ఈ పనికోసం ప్రత్యేకంగా అతినీలలోహిత దీపాలు కొనుక్కుంటారు. మనకి డాబా ఎక్కితే చాలు. వడియాలు ఎండే చోటే ఇదీ అవుతుంది. అలాగని వడియాల పక్కన పెట్టకూడదు! మే నెల మిట్టమధ్యాహ్నం కంటే సంక్రాంతి రోజుల ఎండే నయం. వేడి మరీ ఎక్కువైతే పల్చటి మూతలు వంగిపోతాయి, తిరిగి బిగించేటప్పుడు కలవవు. కొన్ని గంటల నుంచి రెండు మూడు రోజుల దాకా పట్టొచ్చు. రెండుమూడు గంటలకోసారి చూసి, చాలనిపించగానే తీసి మంచినీళ్లతో బాగా కడగాలి.

చేతులకి రబ్బరు తొడుగులు, కళ్లకి అద్దాలు తప్పనిసరి. చర్మంమీద పడితే తెల్లటి మచ్చ వచ్చి మండుతుంది. వెంటనే ధారగా నీళ్లు పోయాలి. కంట్లో పడితే పదిహేను నిమిషాలు ఆగకుండా నీళ్లతో కడిగి డాక్టరు దగ్గరకి వెళ్లాల్సిందే. వెనిగర్, అసిటోన్, బ్లీచింగ్... ఏదీ ఇందులో కలపకూడదు. వాడగా మిగిలిన మందుని మంచినీళ్ల సీసాలో పోసి దాచడం మహా ప్రమాదం. ఎక్కువ నీళ్లు కలిపి పారబోయాలి.

మళ్లీ రాదా?

వస్తుంది. ఏడాదికో, రెండేళ్లకో, ఇంకా ఆలస్యంగానో చాలా వస్తువులు మళ్లీ పసుపు తిరిగాయని ఈ పని చేసినవాళ్లే చెబుతారు. పెరాక్సైడ్ పసుపుని తీసేస్తుందిగానీ ప్లాస్టిక్ వయసుని తగ్గించలేదు. అందుకే పదేపదే చేయడం మంచిది కాదు, పైపొర బలహీనపడుతుంది. తెల్లబడ్డాక ఎండతగలని, వేడిలేని బీరువా అరలో పెట్టుకుంటే ఎక్కువకాలం నిలుస్తుంది. అటక పనికిరాదు.

అసలు తెల్లగా చేయడమే వద్దనేవాళ్లూ ఉన్నారు. వస్తువుకి వచ్చిన వయసు కూడా దాని చరిత్రేనంటారు. అంగలకుదురు ఇంట్లోనూ ఆ మాట వచ్చింది. విషయం తెలిసి తమ్ముడు ఫోన్లో ఒకటే గొడవ... ‘అన్నయ్యా, పెట్టెని ఏమైనా చేసుకో. నా జాయ్‌స్టిక్‌ని మాత్రం ముట్టుకోవద్దు. అది అలాగే ఉండాలి.’

పసుపుదైనా తెల్లదైనా, ఒకటి మాత్రం ఎవరూ చేయకూడదు. అది మంటలో వేయడం. ఏబీఎస్ కాలితే హైడ్రోజన్ సయనైడ్‌తో సహా విషవాయువులు వస్తాయి. బ్రోమిన్ ఉంటే మరింత ప్రమాదం. భోగిమంట చుట్టూ చలికాచుకునేది పిల్లలే కదా! నిజంగా వద్దనుకుంటే ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవాళ్లకి ఇవ్వాలి.

భోగినాడు పీటా, చాపా, బుట్టా మంటలోకి వెళ్లాయి. పెట్టె డాబామీద నీళ్లలాంటి మందులో మునిగి, చుట్టూ చిన్నచిన్న బుడగలతో ఎండకి కూర్చుంది. పెద్దపండగ మధ్యాహ్నానికి లేతపసుపు అయింది. కనుమ పొద్దున్నకి తెల్లబడింది. మల్లెపువ్వంత కాదు, పాలమీగడంత. సబీనా గీతలు మాత్రం అలాగే ఉన్నాయి.

కనుమనాడు కాకి కూడా కదలదంటారు. ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరారు. తుపాకీతో బాతుల్ని కాల్చే ఆట పనిచేయలేదు. ఆ తుపాకీ పాత డబ్బా టీవీల వెలుగునే గుర్తుపడుతుంది, ఇప్పటి పల్చటి టీవీలది కాదు. మారియో మాత్రం మూడోసారి ఊదగానే వచ్చాడు. కూతురికి తెల్లటి జాయ్‌స్టిక్, నాన్నకి బాబాయి వదిలేయమన్న పసుపుది. నాయనమ్మ కాసేపు చూసి, ‘ఆ తీగ కొస ఇంకా పసుపుగానే ఉందేంట్రా, దాన్నీ నానబెట్టకపోయావా?’ అంది.

టీవీకి బొమ్మని మోసుకెళ్లే పిన్ను అది. పుట్టుకతోనే పసుపు.