ఆరుగురి షాపుకి అందని సాయం

సంపాదకులకు,

దివ్యాంగులకు పని ఇచ్చే యజమానికి ప్రభుత్వమే డబ్బు కడుతోందని, ఇంకేం కావాలని గత సంచికలో ఒక పాఠకుడు అడిగారు. ఆ డబ్బు సంగతి కాస్త విడమరచాలి. కేంద్రం 2008లో తెచ్చిన పథకంలో పీఎఫ్, ఈఎస్ఐలకు యజమాని కట్టాల్సిన వాటాను మొదటి మూడేళ్లూ ప్రభుత్వమే భరిస్తుందన్నారు. తర్వాత గడువు పదేళ్లయింది. నెలకు 15,000 జీతమైతే యజమానికి మిగిలేది రమారమి 2,300. తక్కువేం కాదు. కానీ ఈఎస్ఐకి పదిమంది, పీఎఫ్‌కి ఇరవైమంది పనివాళ్లుండాలి. రాణీగంజ్‌లో మాది ఆరుగురి బైండింగ్ షాపు. దక్కేది సున్నా.

మా దగ్గర నాలుగేళ్లుగా చెవులు వినపడని కుర్రాడు పనిచేస్తున్నాడు. కటింగ్ మిషన్ దగ్గర ఉన్నప్పుడు వెనకనుంచి పిలిస్తే తెలియదని, ఎదురుగా గోడకి ఎర్ర బల్బు బిగించి, స్విచ్ నా బల్ల పక్కన పెట్టుకున్నాను. మూడు వందలు కూడా కాలేదు. ఫారాలు కుట్టడంలో అతనికి సాటి లేరు. (కోపంలోనూ అంతే.)

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 35వ సెక్షన్ సిబ్బందిలో అయిదు శాతం దివ్యాంగులుండేలా ప్రైవేటు యజమానులకు ప్రోత్సాహకాలివ్వాలంటోంది, అదీ ప్రభుత్వ స్థోమత మేరకు. మా ఆరుగురిలో ఒకడంటే పదహారు శాతం దాటింది!

మన మనోవికాస్ నగర్‌లోనే బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ ఉంది. అలాంటి పిల్లవాణ్ణి తీసుకుంటే మొదటి రెండు నెలలు పక్కనుండి పని నేర్పే మనిషి కావాలి. పీఎఫ్ వాటా సరే, ఆ మనిషి జీతం ఎవరిస్తారో ఆ పాఠకుణ్ణి చెప్పమనండి.

— ఒక బైండింగ్ షాపు యజమాని, సికింద్రాబాద్