ఇప్పపువ్వు నుంచి గోవా జిన్ దాకా.. క్రాఫ్ట్ డిస్టిలరీలకు అసలు లోటు మెషిన్లది కాదు, ట్రైనింగ్‌దే!

దేశంలో చిన్న స్థాయి డిస్టిలరీల హవా నడుస్తోంది. 2017లో నావో స్పిరిట్స్ 'గ్రేటర్ దాన్' జిన్‌ను మార్కెట్లోకి తెచ్చాక గోవా ఈ వ్యాపారానికి అడ్డాగా మారింది. చిత్తూరు జిల్లాలో కిత్తనార జాతి మొక్కల నుంచి మద్యం తీసే మైక్రో డిస్టిలరీ అంతకు ముందే వచ్చింది. ఇక 2021 నవంబర్‌లో అప్పటి మధ్యప్రదేశ్ సీఎం శివరాజ్ సింగ్ చౌహాన్ ఇప్పపువ్వు మద్యాన్ని 'హెరిటేజ్ లిక్కర్'గా అమ్ముకునే వీలు కల్పిస్తామని ప్రకటించారు. ఆ తర్వాత ఆలీరాజ్‌పూర్ జిల్లాలో ఆదివాసీ స్వయం సహాయక సంఘం 'మోండ్' పేరుతో బాటిల్ తెచ్చింది.

వినడానికి బాగానే ఉంది. కానీ ఈ ప్లాంట్లలో రోజూ పనిచేసే ఆపరేటర్లు, హెల్పర్ల సంగతేంటి? వాళ్లకు ఏం నేర్పుతున్నారు? రుచి, లాభం మాత్రమే కాదు.. ప్రాణాలు కూడా ఈ ప్రశ్న మీదే ఆధారపడి ఉన్నాయి.

పెద్ద ప్లాంట్‌కీ, చిన్న ప్లాంట్‌కీ తేడా ఇదే

పెద్ద డిస్టిలరీల్లో ఎత్తైన కాలమ్‌లు ఆగకుండా నడుస్తాయి. ఉష్ణోగ్రత, పీడనం అన్నీ కంట్రోల్ రూమ్ నుంచే చూస్తారు. క్రాఫ్ట్ డిస్టిలరీలో అలా కాదు. రాగి పాత్రలో ఒక్కో బ్యాచ్ కాస్తారు. ఏ క్షణంలో ఏం చేయాలనేది చాలావరకు అక్కడ నిలబడ్డ ఆపరేటరే తేల్చుకోవాలి.

ముఖ్యమైనది 'కట్'. మరిగించినప్పుడు ముందుగా వచ్చే ధారను హెడ్స్ అంటారు. ఘాటైన వాసన వచ్చే రసాయనాలు అందులో ఎక్కువ. నడిమి ధార హార్ట్స్, తాగడానికి పనికొచ్చేది అదే. చివరి ధార టెయిల్స్, అందులో బరువైన ఆల్కహాల్స్ ఉంటాయి. హెడ్స్ ఎక్కడ ఆపాలి, టెయిల్స్ ఎక్కడ మొదలయ్యాయి అన్నది తప్పితే మొత్తం బ్యాచ్ రుచే మారిపోతుంది. ఎక్కువ జాగ్రత్తకు పోతే మంచి సరుకు కూడా పక్కకు పోతుంది. అంటే డబ్బు నష్టం.

ఒక్కరి ముక్కు మీదే ప్లాంట్ నడిస్తే..

చాలా చోట్ల ఈ కట్ ఒక సీనియర్ చేతిలోనే ఉంటుంది. ఆయన వాసన చూసి చెప్తారు, మిగతావాళ్లు పాటిస్తారు. ఆయన సెలవు పెడితే? ఉద్యోగం మానేస్తే? కస్టమర్‌కు పోయిన నెల కొన్న బాటిల్‌కీ, ఈ నెల కొన్నదానికీ పొంతన ఉండదు.

దీనికి మందు ఖరీదైన మెషిన్ కాదు, బ్యాచ్ షీట్. ఎన్ని కిలోల ముడిసరుకు వేశారు, పులియడానికి ఎన్ని గంటలు పట్టింది, ఏ ఉష్ణోగ్రత దగ్గర, ఎంత శాతం ఆల్కహాల్ దగ్గర కట్ చేశారు.. ప్రతిదీ రాయాలి. హైడ్రోమీటర్ రీడింగ్ తీసుకుంటే చాలదు, ఉష్ణోగ్రతను బట్టి దాన్ని సరిచేయడం కూడా రావాలి. వేడిగా ఉన్న స్పిరిట్‌లో హైడ్రోమీటర్ ఉన్నదానికంటే ఎక్కువ శాతం చూపిస్తుంది. ఈ చిన్న విషయం తెలియక లేబుల్ మీద ఒక లెక్క, బాటిల్‌లో ఇంకో లెక్క అయ్యే ప్రమాదం ఉంది.

మిథనాల్: వాసనతో దొరకదు

2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో కల్తీ సారా తాగి 60 మందికి పైగా చనిపోయారు. అది పరిశ్రమల్లో వాడే మిథనాల్ కలిపిన సారా. లైసెన్స్ ఉన్న డిస్టిలరీని దానితో కలిపి చూడటం సరికాదు. అయితే పెక్టిన్ ఉండే పండ్లు, మొక్కల ముడిసరుకు పులిసినప్పుడు కొద్దిగా మిథనాల్ సహజంగానే పుడుతుంది. 'మొదటి ధార పారబోస్తే అంతా పోతుంది' అన్నది సగం నిజమే. మిథనాల్ మిగతా ధారలోనూ కొంత వస్తుంది. ముక్కు, నాలుక దాన్ని పట్టలేవు. ల్యాబ్ పరీక్ష ఒక్కటే దారి. మద్యానికి ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్రమాణాలు 2019 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నాయి. వాటి అర్థం మేనేజర్‌కే కాదు, షాప్‌ఫ్లోర్‌లో ఉన్న కార్మికుడికీ తెలియాలి.

నిప్పు, గాలి.. రెండూ ప్రమాదమే

స్వచ్ఛమైన ఇథనాల్ దాదాపు 13 డిగ్రీల సెల్సియస్ దగ్గరే అంటుకునేంత ఆవిరి ఇస్తుంది. 40 శాతం స్పిరిట్‌కు ఇది సుమారు 26 డిగ్రీలు. మన ఎండాకాలంలో షెడ్డు లోపల ఎంత వేడి ఉంటుందో చెప్పక్కర్లేదు. పైగా ఈ ఆవిరి గాలికంటే బరువు. నేల మీద, డ్రైన్లలో పేరుకుంటుంది. పగటి వెలుతురులో ఇథనాల్ మంట సరిగా కనిపించదు కూడా. 1996 నవంబర్‌లో అమెరికాలోని కెంటకీలో హెవెన్ హిల్ డిస్టిలరీలో మంటలు లేచి ఏడు గోదాములు, దాదాపు 90 వేల పీపాల విస్కీ కాలిపోయాయి.

రెండో ప్రమాదం పులియబెట్టే ట్యాంకుల్లో ఉంది. 100 కిలోల చక్కెర పూర్తిగా పులిస్తే దాదాపు 49 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ట్యాంక్ ఖాళీ చేసినా ఆ గ్యాస్ అడుగున మిగిలిపోవచ్చు. సెప్టిక్ ట్యాంకుల్లోకి దిగి, వాళ్లను కాపాడబోయి ఇంకొకరు చనిపోయిన వార్తలు మనం తరచూ చూస్తూనే ఉన్నాం. గ్యాస్ పరీక్ష, పైన కాపలా మనిషి, రక్షణ తాడు లేకుండా ఎవరూ దిగకూడదని కొత్తగా చేరిన హెల్పర్‌కు మొదటి రోజే చెప్పాలి.

మరి నేర్పేదెవరు?

కాన్పూర్‌లోని నేషనల్ షుగర్ ఇన్‌స్టిట్యూట్, పుణెలోని వసంత్‌దాదా షుగర్ ఇన్‌స్టిట్యూట్ ఆల్కహాల్ టెక్నాలజీ నేర్పుతున్నాయి. స్కాట్లాండ్‌లోని హెరియట్-వాట్ యూనివర్సిటీలో డిస్టిల్లింగ్ మీద పీజీ ఉంది. ఇవన్నీ డిగ్రీ చదివినవాళ్లకు పనికొస్తాయి. పదో తరగతితో ఆపేసి బాయిలర్ దగ్గర చేరిన కుర్రాడికి మాత్రం తన భాషలో, తన ప్లాంట్‌లోనే నేర్పాలి.

తక్కువ ఖర్చుతో చేయగలిగేవి ఇవి:

- ప్రతి పనికీ స్థానిక భాషలో, బొమ్మలతో ఒక పేజీ సూచనలు
- ప్రతి షిఫ్ట్‌లో కట్ చేయడం తెలిసినవాళ్లు కనీసం ఇద్దరు
- వారానికోసారి అందరూ కలిసి పాత శాంపిల్‌తో కొత్త బ్యాచ్‌ను పోల్చి చూడటం
- తప్పు జరిగితే దాచకుండా చెప్పినవాళ్లకు శిక్ష వేయకపోవడం
- మూడు నెలలకోసారి ఫైర్ డ్రిల్

తెలుగు రాష్ట్రాలకు ఇందులో ఏముంది?

ఆదిలాబాద్, భద్రాచలం ఏజెన్సీ, అల్లూరి జిల్లా మన్యంలో ఇప్పపువ్వుకు కొదవ లేదు. అయితే నాటుసారా కాయడం ఇక్కడ నేరం, కేసులూ ఎక్కువే. మధ్యప్రదేశ్ దారిలో వెళ్లాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే ఆదివాసీ మహిళలకు లైసెన్స్ కాగితం ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకుంటే కుదరదు. ఒక్క బ్యాచ్ తేడా వచ్చినా, ఒక్క ప్రమాదం జరిగినా కంపెనీ కంటే ముందు ఆ సంఘమే మునిగిపోతుంది. ఎక్సైజ్ శాఖ పన్ను కోసం లీటర్ లీటర్‌కూ లెక్క అడుగుతుంది. శిక్షణ రికార్డు కూడా అంతే గట్టిగా అడిగితే చాలావరకు ముప్పు తప్పుతుంది.

(గమనిక: మద్యపానం ఆరోగ్యానికి హానికరం.)